ముడులు విప్పిన దారి

నా చిన్నప్పుడు, దసరా సెలవులు రేపటితో అయిపోతాయనగా, కొల్లేట్లో మా తాతయ్య తన దారి గుర్తుకోసం కిక్కిస గడ్డికి వేసుకున్న ముడులన్నీ విప్పేశాను. అల్లరికి చేసిన పని కాదు. ఎవరిమీదా కోపం కూడా లేదు. ఆ చోటంటే నాకున్న ఇష్టంతో చేశాను. అందుకే ఇన్నేళ్ళయినా ఆ తప్పును తేలిగ్గా తీసుకోవడం చేతకాలేదు. కోపంతో చేసిన తప్పుకు కోపం చల్లారాక క్షమాపణ అడగొచ్చు. ఇష్టంతో చేసిన తప్పు దగ్గర ఆ సౌకర్యం లేదు. ఆ ఇష్టం లోపల ఇంకా అలాగే ఉంటుంది.

ఈ మధ్య మా వీధిలో కాపురం పెట్టిన ఒక కుర్రవాడు సాయంత్రాలు నా దగ్గర కాసేపు కూర్చుని వెళుతుంటాడు. కంప్యూటరు ఉద్యోగం. "నీళ్ళ పక్కన, చెట్ల మధ్యలో చిన్న ఇల్లు కట్టుకుని ఉండిపోవాలండీ. ఇంకేమీ అక్కర్లేదు. మీకెప్పుడూ అనిపించలేదా?" అని మొన్న అడిగాడు. అనిపించిందని చెప్పాను. ఆ తరువాత ఏం జరిగిందో మాత్రం చెప్పలేకపోయాను. అతను వెళ్ళాక చాలాసేపు అక్కడే కూర్చుని, అతనికి చెప్పవలసింది ఇలా రాసుకుంటున్నాను.

మేము బెజవాడ భవానీపురంలో ఉండేవాళ్ళం. మా నాన్న ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే ఒక షెడ్డులో మెకానిక్కు. మాది ఒకటే గది, ముందు సన్నటి వసారా, అది దాటితే రోడ్డు. లారీ హారను మోగితే మా అమ్మ మాట మధ్యలో ఆపి, అది వెళ్ళాక మళ్ళీ అక్కడి నుంచే అందుకునేది. నాన్న చొక్కాకు, తువ్వాలుకు, ఆయన కలిపి పెట్టిన అన్నం ముద్దకు కూడా గ్రీజు వాసన ఉండేది. మామూలు రోజుల్లో నాకది తెలిసేది కాదు. సెలవులకు తాతయ్య దగ్గరికి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ కొత్తగా ముక్కుకు తగిలి, ఎందుకో చెప్పలేని ఏడుపు వచ్చేది.

మా తాతయ్య, అంటే నాన్నకు నాన్న, కొల్లేటి మధ్యలో ఒక లంకలో ఉండేవాడు. చుట్టూ నీళ్ళు, మధ్యలో కాస్త మెరక నేల, దానిమీద కొన్ని గుడిసెలు, అంతే లంకంటే. నాయనమ్మ పోయాక ఒక్కడే ఉండేవాడు. నాన్న ఎన్నిసార్లు పిలిచినా బెజవాడ వచ్చేవాడు కాదు. "మీ ఊళ్ళో తెల్లారిందని లారీ చెప్పాలి. ఇక్కడ పిట్ట చెప్తది. నాకు పిట్ట చాల్రా" అనేవాడు.

పక్క గుడిసెలో ఒక అక్క, ఆమె భర్త ఉండేవారు. ఆమె తాతయ్యను బాబాయ్ అని పిలిచేది. ఆ లెక్కన నాకు అత్త కావాలి గానీ, లంకలో పిల్లలందరితోపాటు నేనూ అక్కా అనేవాణ్ణి. మగవాళ్ళతో సమానంగా వల వేసేది. నోటికి మాత్రం లంకంతా భయపడేది. నేను పడవ దిగగానే, "వచ్చాడమ్మా బెజవాడ దొర! అడుగు చూసి పెట్టు బాబూ, ఇక్కడి బురదకి నీ చెప్పుల ఖరీదు తెలీదు" అని ఆటపట్టించి, ఆ రోజు పట్టిన చేపల్లో మంచి కొర్రమీను తీసి మా గుడిసెకు పంపేది.

అక్కడ నాకు దొరికినదేమిటో మాటల్లో పెట్టడం కష్టం. తెల్లవారుజామున నీళ్ళమీద పొగమంచు పట్టి ఉంటే, ఆ మంచులోంచి ముందు చప్పుళ్ళు వచ్చేవి, తరువాత ఆకారాలు వచ్చేవి. నీటికోళ్ళ కూత, ఎక్కడో పడవ తోసే గెడ నీళ్ళలో దిగిన చప్పుడు, తామరాకు మీద ఏదో గెంతిన చప్పుడు. లంకకు కొంచెం దూరంలో ఒక దిబ్బ, దానినిండా నల్లతుమ్మ చెట్లు. వానలు వెనకబట్టాక ఆ తుమ్మతోపులోకి సంచి ముక్కుల గూడబాతులు వచ్చి దిగేవి. ఒక్కో చెట్టు ఆ బరువుకు వంగి, గాలి లేకపోయినా ఊగుతూ ఉండేది. తోపు చుట్టూ కనుచూపు మేర కిక్కిస. మనిషిని మించిన ఎత్తు పెరిగిన గడ్డి అది. లంకవాళ్ళు దాన్ని అడవి అనే అనేవారు. గాలి వీస్తే ఆ అడవి మొత్తం ఒకవైపుకు ఒరిగి మళ్ళీ లేచేది. మధ్యాహ్నం వేళ దోనెలో వెల్లకిలా పడుకుని దాన్ని చూస్తుంటే, ఇక బడి, భవానీపురం, ఎక్కాలు, ఇవన్నీ ఎవరో చెప్పిన అబద్ధాల్లా అనిపించేవి.

కొల్లేటి గట్టునుంచి లంకకు రావడానికి రెండు దారులుండేవి. ఒకటి పెద్ద కాలువ, అందరూ వాడేది, చుట్టుదారి. రెండోది కిక్కిస అడవిలోంచి వచ్చే సన్నని దోనె దారి. అది దాదాపు మా తాతయ్య ఒక్కడిదే. మలుపు వచ్చిన ప్రతిచోటా కుడిచేతి పక్కన గుప్పెడు కిక్కిస దగ్గరికి లాగి ముడి వేసి పెట్టుకునేవాడు. వానలకు గడ్డి కొత్తగా పెరిగేది కాబట్టి ఏటా మళ్ళీ వేయాల్సిందే. నాన్న కూడా చిన్నప్పుడు ఆ దారిలోనే పెరిగాడు. నన్ను తీసుకువెళ్ళడానికి వచ్చినప్పుడు గట్టుమీద తెలిసినవాళ్ళ దోనె అడిగి తీసుకుని, ఆ ముడులు చూసుకుంటూ వచ్చేవాడు.

"నీకు దారి తెలుసుగా తాతయ్యా, మళ్ళీ ముడులెందుకు?" అని ఒకసారి అడిగాను.

"కొల్లేరు రోజుకో మాట చెప్తదిరా అబ్బాయ్. ముడి మాట మార్చదు" అన్నాడు.

ఆ దారిలో వెళుతున్నంతసేపూ ఆయన కుడిచేయి కిక్కిస మీదే ఉండేది. ఒక చేత్తో గెడ వేస్తూ, రెండో చేత్తో గడ్డిని రాసుకుంటూ వెళ్ళేవాడు. పశువులున్నవాళ్ళు దూడ వీపు నిమిరినట్టు, ఈయన అడవిని నిమురుతున్నాడనుకునేవాణ్ణి. నాకది ఎంత నచ్చేదంటే నేనూ రెండోవైపు చేయి చాపేవాణ్ణి. కిక్కిస ఆకు అంచు కత్తిలా ఉంటుంది, వేళ్ళు కోసుకునేవి.

ఒక ఆట కూడా నేర్పాడు. దోనెలో ఎదురుగా కూర్చుని నాకు కనిపించేదంతా నేను చెప్పాలి. ఊరికే కొంగలు అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఏ కొంగ? నిలబడిందా, నడుస్తందా? మెడ చాపిందా, ముడుచుకుందా?" అని గుచ్చి గుచ్చి అడిగేవాడు. మెడ ముడుచుకుందంటే, "అయితే కడుపు నిండింది, దాన్నొదిలెయ్, పక్కన చూడు" అనేవాడు. నీళ్ళ రంగు ఎలా ఉందని, మబ్బు ఏవైపు దట్టంగా ఉందని అడిగేవాడు. నేను సరిగ్గా చెబితే సంతోషపడి, "నీ కళ్ళు పాడైపోనియ్యకురా బెజవాడలో" అనేవాడు. అంత శ్రద్ధగా నా మాట విన్న పెద్దవాళ్ళు నా చిన్నతనంలో ఇంకెవరూ లేరు.

ఆ ఏడు సెలవుల చివరికి వచ్చేసరికి, వెళ్ళాలన్న ఊహే నాకు ఊపిరాడనివ్వలేదు. రేపు నాన్న వస్తాడు. ఆ దారిలోనే వస్తాడు. ముడులు లేకపోతే ఆ అడవిలో ఆయనకు దారి దొరకదు. దొరక్కపోతే వెనక్కి వెళ్ళిపోతాడు. బడి తెరుస్తారు, నా పేరు కొట్టేస్తారు, నేనిక్కడే ఉండిపోతాను. పదేళ్ళ బుర్రకు ఇది చాలా పకడ్బందీగా కనిపించింది. పెద్ద కాలువ అనేది ఒకటుందని తట్టనే లేదు. ఆ దారిలో నాన్న తప్ప ఇంకొకరు కూడా వెళతారని అసలు ఆలోచించలేదు.

అక్క దగ్గరికి వెళ్ళి తామర గింజలు కోసుకొస్తానని చిన్న దోనె అడిగాను.

"గింజలు కోస్తావో, నువ్వే కాయై తేలుతావో. అడవి దాటి పోమాక" అంది.

ఆ మధ్యాహ్నం మలుపు మలుపుకూ ఆగి ముడులు విప్పాను. గట్టిగా ఉన్నవాటిని పళ్ళతో లాగాను. విప్పాక గడ్డి పాత మడత మీదే నిలబడుతుంటే అరచేత్తో దువ్వి సాపు చేశాను. చేతులు గీరుకుపోయి రక్తం వచ్చింది. తిరిగి వస్తూ వెనక్కి చూస్తే, కిక్కిస అంతా ఒక్కలా, మనిషి చేయి పడని దానిలా ఉంది. అది చూసి గర్వపడ్డాను. గింజలు తేలేదేమని అక్క అడిగితే ఇంకా పండలేదన్నాను. ఆమె నా చేతులవైపు చూసింది.

మరునాడు పొద్దున లేచేసరికి తాతయ్య గుడిసెలో లేడు. అప్పుడప్పుడూ నాకంటే ముందే మావులు ఎత్తడానికి వెళ్ళేవాడు. మావంటే వెదురు పుల్లలతో అల్లిన చేపల బుట్ట. ఇవాళా అందుకే వెళ్ళాడనుకున్నాను. ఎండెక్కాక నాన్న వచ్చాడు, నేననుకోని వైపు నుంచి. షెడ్డులో ఆయన బాగుచేసిన లారీ ఒకటి ఏలూరు వెళుతుంటే ఎక్కి, అటునుంచి వచ్చే చేపల పడవలో దిగాడు. నా ఎత్తు పారలేదన్న దిగులులో ఉండగానే, "నాన్నేడి?" అని అక్కను అడిగాడు.

"ఎదురు రాలేదా నీకు? నువ్వొస్తన్నావని తెల్లారకముందే ఎల్లాడుగా గట్టుకి!" అంది అక్క.

ఆ మాట విన్న క్షణంలో నాకు అంతా తెలిసిపోయింది. ఆయన ఆ దారిలోనే వెళ్ళాడు. అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. ముడుల దారిలో చూడండి, నేను విప్పేశాను అని. నోటిదాకా వచ్చింది. నాన్న ముఖం చూసి మింగేశాను. ముడులు విప్పింది తెలివి తక్కువతనం అనుకున్నా, ఈ నోరు మూసుకోవడాన్ని ఆ ఖాతాలో వేయలేను. ఏం జరిగి ఉంటుందో తెలిసే ఊరుకున్నాను.

నాన్న, అక్క, ఆమె భర్త పెద్ద కాలువ మీదుగా గట్టుకు వెళ్ళారు. నన్నూ ఎక్కించుకున్నారు. గట్టుమీద అడిగితే ఆయన రాలేదన్నారు. దుకాణం దగ్గర, రేవు దగ్గర వెతికారు. ఎండ నడినెత్తికి వచ్చి దాటింది. ఆ మధ్యాహ్నమంతా నేను పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను. చివరికి అక్కే అంది, "అడవిలో చూద్దాం. ముడుల దారిలో పోయుంటాడు" అని.

దారిలోకి దిగిన కాసేపటికి ఆమె గెడ ఆపింది. "ముడులేవి?" అంది, తనలో తను అనుకుంటున్నట్టు. నాన్న "నాన్నా! నాన్నా!" అని కేకలు పెట్టడం మొదలుపెట్టాడు.

దారికి చాలా లోపల, గడ్డి దట్టంగా ఉన్నచోట దొరికాడు. దోనె కిక్కిసలో ఇరుక్కుపోయి ఉంది. ఆయన నడుంలోతు నీళ్ళలో నిలబడి, ఒక్కో దుబ్బునూ రెండు చేతులతో తడుముతున్నాడు. తడిమి వదిలి, పక్క దుబ్బు పట్టుకుంటున్నాడు. మోచేతుల దాకా రక్తం కారుతోంది. "నాన్నా!" అని నాన్న అరిచాడు. తాతయ్య తల తిప్పాడు. మేమున్న వైపు కాదు, గొంతు గడ్డికి తగిలి తిరిగి వచ్చిన వైపుకు. అటు చూస్తూనే నవ్వి, "వచ్చావురా?" అన్నాడు.

నాన్న నీళ్ళలోకి దూకి ఆయన దగ్గరికి వెళ్ళి, ముఖం ముందు అరచేయి ఆడించాడు. రెప్ప కదలలేదు.

ఎప్పటినుంచి చూపు పోయిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. కొంచెం కొంచెంగా పోయిందట. గుడిసె, రేవు, మావులు పెట్టే చోట్లు, అన్నీ కాళ్ళకూ చేతులకూ తెలిసినవే కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు. మసక అంటే వయసు అనుకున్నారు. మా ఆట ఎందుకు కనిపెట్టాడో నాకప్పుడు అర్థమైంది. మా ఇద్దరిలో కొల్లేటిని చూస్తున్నది నేనొక్కణ్ణే. ఆయన నా నోటితో చూస్తున్నాడు. ఆయన నిమిరినది కూడా అడవిని కాదు. ముడిని వెతుక్కున్నాడు.

"ముడులేమయ్యాయి నాన్నా?" అని నాన్న అడిగాడు.

తాతయ్య గుప్పిట్లో ఒక కిక్కిస ఆకు ఉంది. దాని నడుమ ముడి పడిన చోట నలిగిన మడత నాకు కనిపిస్తోంది. ఆ మడతమీద ఆయన బొటనవేలు అటూ ఇటూ కదులుతోంది. విప్పిన ముడి అని ఆయనకు తెలుసు. ఎవరు విప్పారో కూడా తెలుసు. "ఈ ఏడు కట్టలేదురా. బద్ధకించాను" అన్నాడు.

ఆ ఏడు వానలు తగ్గగానే ఆయన ముడులు కట్టడం అక్క చూసి ఉంది. ఏదో అనబోయింది. తాతయ్య చేయి చాపి, తడుముకుంటూ ఆమె చేయి పట్టుకుని నొక్కాడు. ఆమె ఆగిపోయింది. తరువాత నా చేతులు చూసింది, ఆయన చేతులు చూసింది. "కిక్కిస మనిషిని చూసి కోయదు గదా, అందరికీ ఒకేలా తెగుద్ది" అని మాత్రం అంది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం గుడిసె ముందు పెద్ద గొడవైంది. ఇక ఒక్కరోజు కూడా ఇక్కడ ఉంచనని నాన్న అన్నాడు. తాతయ్య మెల్లగా, "పోయింది చూపేరా, కొల్లేరు కాదు. ఇక్కడ నాకు తెలియని చోటు లేదు" అన్నాడు.

"తెలిస్తే ఇవాళ ఏమైంది మరి? పొద్దుటినుంచి నీళ్ళలో నిలబడి ఏం చేస్తన్నావు?" అని నాన్న గొంతు పెంచాడు.

ఒక్క మాటతో తాతయ్య దానికి జవాబు చెప్పగలడు. దారి నాకు తెలుసు, నీ కొడుకు గుర్తులు తీసేశాడు అంటే చాలు. ఆ మాట ఆయనను కొల్లేట్లో ఉంచేది. నాన్న నా వీపు పగలగొట్టేవాడు, అంతకుమించి తాత ప్రాణం తీయబోయినవాడన్న పేరు ఆ లంకలో నాకు మిగిలిపోయేది. ఆయన తల వంచుకుని, "సరే, పోదాం పద" అన్నాడు. నేను గుడిసె గుంజ చాటున నిలబడి ఉన్నాను. మాట్లాడలేదు.

మర్నాడు మేము ముగ్గురం హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారుతుంటే, తాతయ్య నా భుజంమీద చేయి వేసుకుని నడిచాడు. ఆ చేయి బరువు ఇప్పుడు కూడా తెలుస్తుంది.

భవానీపురంలో ఆయన వసారాలో ఒక మంచంమీద కూర్చునేవాడు. పెద్ద డాక్టరుకు చూపిస్తే నరం ఎండిపోయింది, ఇక రాదన్నారు. లంకలో ఎవరి సాయమూ లేకుండా బతికిన మనిషి, మా ఇంట్లో మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళడానికి కూడా అమ్మను పిలవాల్సి వచ్చేది. ఒకసారి రోడ్డు పక్క కాలువలో పడ్డాడు. నేను సాయంత్రాలు కృష్ణ ఒడ్డుకు తీసుకువెళ్ళేవాణ్ణి. మెట్టుమీద కూర్చుని కాసేపు విని, "ఇయ్యి పోయే నీళ్ళురా. నిలబడి మాట్లాడవు" అన్నాడు. ఆ తరువాత రమ్మంటే కాళ్ళు నొప్పులనేవాడు. అన్నం తగ్గించాడు. మాట తగ్గించాడు. ఆడదామని నేనే అడిగితే, "ఇక్కడ చూడ్డానికేముందిరా" అనేవాడు. ముడుల మాట ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు బాగుండేది.

చలికాలం పోయి ఎండలు ముదిరాయి. ఒకరోజు బడినుంచి వచ్చేసరికి వీధిలో ఒకావిడ ఆయనను పలకరిస్తోంది. "ఎలా కాలక్షేపమవుతోందండీ తాతగారూ?" అని అడిగింది. "మా మనవడున్నాడు గదండీ. ఆడే నాకు కళ్ళు" అన్నాడు తాతయ్య. పుస్తకాల సంచి వేసుకుని గడపలో నిలబడిపోయాను.

మరునాడు ఆదివారం. నాన్నకు కారియరు ఇచ్చి రమ్మని అమ్మ ఆటోనగర్ పంపింది. నాన్న ఒక లారీ కింద పడుకుని పని చేస్తున్నాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. ముఖం కనిపించకపోవడం వల్లే అనుకుంటాను, ఆ కాళ్ళతో మొత్తం చెప్పేశాను. ముడులు విప్పింది, ఎందుకు విప్పింది, వెతుకుతున్నప్పుడు నోరు మూసుకుంది, తాతయ్యకు తెలిసీ అబద్ధం చెప్పింది. లోపల స్పానరు చప్పుడు ఆగిపోయింది. కొడతాడనుకుని నిలబడ్డాను. ఆయన బయటికి వచ్చి, నన్ను చూడకుండా కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, కారియరు తెరవకుండానే, "పద ఇంటికి" అన్నాడు.

వసారాలో మంచం పక్కన కింద కూర్చుని, "నాన్నా, ఈడు చెప్పింది నిజమేనా?" అని అడిగాడు.

"చిన్నపిల్లోడు. కొల్లేరంటే ఇష్టంతో చేశాడు. వదిలెయ్" అన్నాడు తాతయ్య.

"ఆ రోజే చెప్పకపోతివి! నేను తీసుకొచ్చేవాణ్ణా నిన్ను?"

తాతయ్య అన్నాడు, "నువ్వు మాత్రం తీసుకొచ్చింది ఇష్టం లేకనా? ఆడూ నువ్వూ ఒకటే పని చేశార్రా. ఉండాలని ఆడు చేశాడు, ఉంచుకోవాలని నువ్వు చేశావు. మధ్యన నన్ను ఎవరూ అడగలేదు."

ఆ మాటలో కోపం లేదు. నాన్న ఆయన మోకాలిమీద తల ఆనించి ఏడ్చాడు. మా నాన్న ఏడవడం నేను చూసింది అప్పుడే.

తొలకరి పడగానే తాతయ్యను లంకకు తీసుకువెళ్ళాం. రేవులోనే అక్క నాన్నను పట్టుకుంది. "తీసుకెళ్ళేటప్పుడు నన్నొక్క మాట అడిగావా? బాబాయికి ముద్ద పెట్టలేనంత గతిలేనిదాన్నా నేను? దోనెలో ఒక మనిషిని కూర్చోబెట్టుకుంటే మునిగిపోద్దా?" అని అందరి ముందూ కడిగేసింది. ఆ అందరి ముందే నేనూ చెప్పాను, ఆ పని నాదని. ఎవరో నవ్వారు, ఒక ముసలాయన ఛీ అన్నాడు. అక్క నవ్వలేదు, తిట్టలేదు. "నాకు ఆనాడే తెలుసు. నువ్వెప్పుడు చెప్తావా అనే చూత్తన్నా" అంది. అందరి తిట్లకన్నా అదే నాకు ఎక్కువ తగిలింది.

తాతయ్య నడక ఆ నేలమీద కాలు పెట్టగానే మారిపోయింది. చేయి చాపకుండా తిన్నగా గుడిసెలోకి వెళ్ళాడు. అయితే ఆయన ముందులా ఒంటరిగా నీళ్ళమీదికి వెళ్ళలేదు. వెళ్ళొద్దని ఎవరూ అనలేదు. అడవిలో గడిపిన ఆ ఒక్క పగలు ఆయన ధైర్యంలోంచి కొంత తీసేసుకుంది. దాన్ని నేను తిరిగి ఇవ్వలేకపోయాను. మాకు వీలైనప్పుడు వెళ్ళేవాళ్ళం, మిగతా రోజులు అక్క చూసుకునేది. ఆమెకు పిల్లలు పుట్టి, చాకిరీ పెరిగి, చూసుకోవడం కష్టమైనా నోరెత్తేది కాదు. అక్కడ సొంత మనిషి ఒకరుండాలని మా ఇంట్లో అందరికీ తెలుసు. నాన్న కదిలితే ఇల్లు గడవదు.

పదో తరగతి అయ్యాక నేనొక మాట అన్నాను. షెడ్డులో నాన్న పని నేను చేస్తాను, ఆయన తాతయ్య దగ్గర ఉండాలి అని. చదువు పాడవుతుందని అమ్మ గోలపెట్టింది. "నువ్వెళ్ళి తాత దగ్గరుండు, నీకిష్టం గదా" అని నాన్న అన్నాడు. నిజానికి నేను ఎదురుచూసిన మాట అదే. పదేళ్ళప్పుడు నేను ఎత్తు వేసి సంపాదించుకోవాలనుకున్నది ఇప్పుడు న్యాయంగా నా చేతికి వస్తోంది. ఆ క్షణంలో ఎంత ఆశ పుట్టిందో దాచను. కానీ తాతయ్యను అడిగాం. ఈసారి ఆయనను అడిగాం. "నా కొడుకుని పంపండి. ఆడు చిన్నప్పుడే బెజవాడ పోయాడు, ఆడితో నాకు ఎక్కువ రోజులు దక్కలేదు" అన్నాడు.

నాన్న దగ్గర ఏడాదిపాటు పని నేర్చుకున్నాను. తరువాత ఆయనను హనుమాన్ జంక్షన్ దాకా తీసుకువెళ్ళి బస్సెక్కించాను. ఆయన కిటికీలోంచి, "నువ్వూ రా రా, నాలుగు రోజులుండి పోదువు గాని" అన్నాడు. షెడ్డులో బండి ఆగి ఉందని చెప్పాను. అది నిజమే. తాతయ్య ఆ తరువాత చాలాకాలం బతికాడు. నాన్న గెడ వేస్తుంటే దోనె ముందు కూర్చుని, కనిపించేదంతా చెప్పించుకునేవాడట. కొంగ మెడ సంగతి నాన్నకు ఎన్నటికీ సరిగ్గా చెప్పడం రాలేదని, ఇద్దరూ చిన్నపిల్లల్లా తగాదా పడేవారని అక్క నవ్వుతూ చెప్పింది.

నేను నా జీవితమంతా ఆటోనగర్‌లోనే గడిపాను. కొల్లేటికి చుట్టంలా వెళ్ళి వచ్చానే గానీ, అక్కడ ఉండలేదు. ఇప్పుడు ఆ తోపు లేదు, అడవి చాలావరకు చేపల చెరువులైంది. ఆశ మాత్రం పోలేదు. వానాకాలంలో తెల్లవారుజామున మెలకువ వస్తే, ముక్కు మొదట తడి కిక్కిస వాసనకోసం వెతుకుతుంది. తాతయ్య బతికి ఉన్నప్పుడు కూడా ఇలాగే మెలకువ వచ్చి, చిన్నతనంలోలాగే దిగులేసేది. ఆ దిగులులోనే ఒక అలవాటు చేసుకున్నాను. నాకు ఎంతో ఇష్టమైన చోట, ఆ చోటు నిజంగా ఎవరిదో ఆ తాతయ్య ఈ వేళప్పుడు దోనెలో కూర్చుని ఉంటాడని తలుచుకుని, కళ్ళు మూసుకునేవాణ్ణి. తాతయ్య పోయి ఎంతో కాలమైంది. అయినా అలాగే తలుచుకుంటాను, అలాగే నిద్ర పడుతుంది.